వస్తువే చెప్పే జవాబు: ప్లాస్టిక్ మౌల్డింగ్, ఎక్స్‌ట్రూజన్ పనివారికి కొన్ని పాఠాలు

పని నేర్చుకోవడానికి మా షెడ్డుకు వచ్చే కుర్రవాళ్ళు మొదటిరోజే అడిగే ప్రశ్న ఒకటుంది. "భాయ్, హీటు ఎంత పెట్టాలి?" నంబరు తెలిస్తే పని వచ్చేసినట్టే అనుకుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం. సరుకు పాడుచేసుకుని, ఆర్డర్లు పోగొట్టుకుని, కరెంటు బిల్లు చూసి తలపట్టుకున్నాక ఒక సంగతి తెలిసివచ్చింది. నంబరు చివర వస్తుంది. ముందు చేతిలో ఉన్న వస్తువును చూడటం రావాలి. లోపం ఎక్కడుందో చాలాసార్లు ఆ వస్తువే చెబుతుంది.

మన కుటుంబాల్లో పదో తరగతితోనో, ఐటీఐతోనో చదువు ఆపి కాటేదాన్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి పారిశ్రామికవాడల్లో మిషన్ల మీదికి వచ్చే పిల్లలున్నారు. అప్పు తెచ్చి ఒక పాత మిషన్ కొనుక్కుని సొంతంగా పని మొదలుపెట్టినవారూ ఉన్నారు. ఈ పాఠం వారికోసం.

రెండు పనులకూ గుండె ఒక్కటే

ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో డైలోకి నెట్టి, చల్లార్చి, వస్తువును బయటికి తీస్తాం. బకెట్టు, మూత, స్విచ్చు పెట్టె, కుర్చీ అలా తయారవుతాయి. ఎక్స్‌ట్రూజన్‌లో కరిగిన సరుకు ఆగకుండా డై నోటి నుంచి బయటికి వస్తూనే ఉంటుంది. పైపు, తీగపై తొడుగు, కవర్ల ఫిల్మ్ అలా తయారవుతాయి.

ఇంజెక్షన్ యంత్రానికి అమెరికాలో జాన్ వెస్లీ హయత్ 1872లో పేటెంటు పొందారు. అది పిచికారీలా ముందుకు నెట్టే యంత్రం. 1946లో జేమ్స్ హెండ్రీ అందులోకి తిరిగే స్క్రూను తెచ్చాక సరుకు సమంగా కరగడం, రంగు బాగా కలవడం సాధ్యమైంది. నేటికీ రెండు పనులకూ గుండె ఆ స్క్రూ, బ్యారెల్లే. హీటర్లే దానాను కరిగిస్తాయని కొత్తవారు అనుకుంటారు. పని నడుస్తున్నప్పుడు చాలా వేడి స్క్రూ రాపిడి నుంచే పుడుతుంది. అందుకే హీటు తగ్గించినా సరుకు కాలుతుంటే, స్క్రూ వేగాన్నీ, బ్యాక్ ప్రెషర్‌నూ చూడాలి.

ముందు దానాను తెలుసుకోవాలి

పీపీ 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మౌల్డింగ్‌కు సాధారణంగా 200 నుంచి 250 డిగ్రీలు పెడతాం. హెచ్‌డీపీఈ 130 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది. ఏబీఎస్ 210 నుంచి 250 మధ్య, నైలాన్-6 230 నుంచి 270 మధ్య, పాలీకార్బొనేట్ 280 నుంచి 310 మధ్య నడుస్తాయి. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. దానా బస్తాతో కంపెనీ ఇచ్చే కాగితమే అసలు ప్రమాణం.

రెండో సంగతి తేమ. పీపీ, పాలీథీన్ నీటిని దాదాపు పీల్చవు. వాటి పైపైన చెమ్మ ఉంటే కాస్త వేడిగాలి చాలు. ఏబీఎస్‌ను 80 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు, పాలీకార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర 3 నుంచి 4 గంటలు ఆరబెట్టాలి. తేమతో కరిగితే పాలీకార్బొనేట్, పెట్, నైలాన్ లోపలే తెగిపోతాయి. వస్తువు పైకి బాగానే కనిపించినా చేతిలో విరుగుతుంది. వానాకాలంలో బస్తా మూతి తెరిచి రాత్రంతా వదిలేయడమంటే మరునాటి రిజెక్షన్‌ను ముందే రాసిపెట్టుకోవడమే.

నైలాన్‌లో ఇంకో విశేషముంది. ఎండిన దానాతో సరిగ్గా చేసిన క్లిప్పు కూడా మిషన్ నుంచి రాగానే పెళుసుగా ఉంటుంది. గాలిలోని తేమను మెల్లగా పీల్చుకున్నాక దృఢంగా, వంగేలా మారుతుంది. ఇది తెలియక మంచి సరుకును చెత్తలో పారేసినవారున్నారు.

మూడో సంగతి కుంచించుకోవడం. చల్లారాక ఏబీఎస్ సుమారు 0.4 నుంచి 0.7 శాతం కుంచిస్తే, పీపీ 1 నుంచి 2.5 శాతం దాకా కుంచిస్తుంది. కాబట్టి ఏబీఎస్ కోసం కోసిన డైలో పీపీ పోస్తే కొలత కుదరదు. ఏ నంబరు తిప్పినా ఆ తేడా పూర్తిగా పోదు.

మూడు రోజులు మమ్మల్ని ఏడిపించిన మూత

ఇప్పుడు మా అనుభవం చెబుతాం. అప్పటికి మా దగ్గర ఉన్నది ఒక్క 100 టన్నుల పాత మిషన్. దాని మీద వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాం. 20 సెంటీమీటర్ల పీపీ డబ్బా మూతల ఆర్డరు వచ్చింది. రెండు వారాలు అంతా సాఫీగా నడిచింది. ఎండలు ముదిరాక మూతలు వంకర తిరగడం మొదలైంది. డబ్బా మీద ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేస్తున్నాయి. ఒకరోజు కొన్నాయన రెండు సంచులు తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇంకోసారి ఇలా వస్తే వేరేచోట చేయించుకుంటా" అని వెళ్ళిపోయాడు.

మేం కంగారుపడ్డాం. ప్రెషర్ పెంచాం. అంచుల్లో ఫ్లాష్ వచ్చింది. హీటు తగ్గించాం. మూత పూర్తిగా నిండలేదు. హోల్డింగ్ పెంచాం. వంకర పోలేదు. ఒకే గంటలో నాలుగు నంబర్లు మార్చాం. ఏది దేనివల్ల వచ్చిందో మాకే తెలియలేదు. చివరికి కూలింగ్ టైము పెంచుకుంటూ పోయి 28 సెకన్ల సైకిల్‌ను 40 సెకన్లకు తెచ్చాం. వంకర కొంచెం తగ్గింది, గంటకు వచ్చే మూతలూ మూడో వంతుకు దగ్గరగా తగ్గిపోయాయి. ఆ లెక్కన వాయిదా కట్టలేం.

మూడో రాత్రి మాలో పెద్దాయన మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నంబర్లను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వరుసగా పది మూతలు తీసి బల్లమీద పరిచారు. పదీ ఒకేవైపు వంగాయి, లోపలి వైపుకే. "ఆ వైపు డై వేడిగా ఉంది" అన్నారాయన. ఆలస్యంగా చల్లారిన వైపు ఎక్కువ కుంచిస్తుంది, వస్తువు అటే వంగుతుంది. తర్వాత నీటి పైపులను విప్పి చూశాం. ఒక సగానికి వెళ్ళే లైన్ నుంచి లీటరు నీరు పది సెకన్లలో వచ్చింది. కోర్ వైపు లైన్ నుంచి అదే లీటరు రావడానికి నిమిషం పట్టింది.

లైన్ ఊడదీసి చూస్తే లోపల తెల్లటి పొర గట్టిపడి ఉంది. మాది బోరు నీరు. టీ కాచే గిన్నెకు పట్టే పొరే డై లోపలా పట్టింది. ఆ పొర ఉక్కులా వేడిని లాగదు, పైగా నీటి దారిని ఇరుకు చేస్తుంది. పొర కరిగించే మందు తిప్పి, కడిగి, బిగించాం. అదే పాత నంబర్లతో సైకిల్ మళ్ళీ 28 సెకన్లకు వచ్చింది, మూతలు చదునుగా వచ్చాయి. ఆ తర్వాత మెత్తటి నీటిని ట్యాంకు నుంచి తిప్పి వాడుకునే ఏర్పాటు చేసుకున్నాం. నెలకోసారి ప్రతి లైన్‌నూ గడియారం పెట్టి కొలుస్తున్నాం.

ప్రెషర్ పెంచగానే ఫ్లాష్ ఎందుకు వచ్చిందో తర్వాత లెక్క వేశాం. 20 సెంటీమీటర్ల మూత ముఖ వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. పీపీకి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 టన్నుల బిగింపు అనుకున్నా 94 టన్నులు కావాలి. మాది 100 టన్నుల మిషన్, అంటే అప్పటికే అంచున ఉన్నాం. ఈ లెక్క ఆర్డరు ఒప్పుకునేముందే వేసుకోవాలి.

ఆ మూడు రోజుల నుంచి మేం పెట్టుకున్న నియమాలు మూడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక కనీసం పది షాట్లు పోయేదాకా ఆగి చూడాలి. ఫలితం లేకపోతే పాత నంబరుకు తిరిగి వచ్చాకే రెండోది ముట్టుకోవాలి. నిన్నటిదాకా బాగా నడిచిన పని ఇవాళ చెడితే, నంబర్లు తిప్పేముందు ఏం మారిందో వెతకాలి. దానా బస్తా మారిందా, నీరు మారిందా, హీటర్ బ్యాండ్ పోయిందా, డై మీద దెబ్బ పడిందా, పనివాడు మారాడా?

లోపాన్ని చూసి కారణాన్ని పట్టడం

వస్తువు నిండకపోవడం: దీన్ని షార్ట్ అంటాం. ముందు హాపర్‌లో దానా ఉందో చూడాలి. నవ్వకండి, చాలాసార్లు కారణం అదే. తర్వాత కుషన్ చూడాలి. షాట్ పూర్తయ్యాక స్క్రూ ముందు 3 నుంచి 6 మిల్లీమీటర్ల సరుకు మిగలాలి. అది సున్నాకు వస్తే సరుకు చాలలేదని అర్థం. షాట్ షాట్‌కూ మారుతుంటే స్క్రూ కొనలోని చెక్ రింగ్ అరిగిందేమో చూడాలి. ఎప్పుడూ ఒకే మూల నిండకపోతే, అక్కడ గాలి బయటికి పోయే దారి మూసుకుందేమో చూడాలి.

కాలిన మచ్చ: సరుకు చివరగా చేరే మూలలో నల్ల మచ్చ వస్తే హీటు తగ్గించడానికి తొందరపడవద్దు. అక్కడ చిక్కిన గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, వేడెక్కి, సరుకును కాలుస్తుంది. డీజిల్ ఇంజన్‌లో జరిగేదీ ఇదే. ఇంజెక్షన్ వేగం చివర్లో తగ్గించాలి, గాలి దారులు శుభ్రం చేయాలి. ఆ దారుల లోతు పీపీకి సుమారు 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి కొంచెం మురికి చేరినా మూసుకుంటాయి. నల్ల చుక్కలు వస్తువంతా చెల్లాచెదురుగా ఉంటే మాత్రం బ్యారెల్‌లో నిలిచి మాడిన సరుకు రాలుతోందని అర్థం.

వెండి చారలు: గేటు నుంచి విసనకర్రలా పరుచుకున్న మెరుపు చారలు చాలామటుకు తేమ గుర్తు. నాజిల్ నుంచి సరుకును బయటికి వదిలితే చిటపటమంటుంది, నురగ కనిపిస్తుంది. దానా బాగా ఆరి ఉన్నా చారలు పోకపోతే సరుకు అతిగా వేడెక్కి చెడుతోందేమో చూడాలి.

గుంట: లావుగా ఉన్నచోట, వెనక పట్టీ ఉన్నచోట పైన సింక్ వస్తుంది. లోపలి సరుకు చల్లారుతూ కుంచించి పైపొరను లాక్కుంటుంది. హోల్డింగ్ ప్రెషర్, హోల్డింగ్ టైము పెంచాలి. ఎంత టైము చాలో తెలుసుకోవడానికి తూకం పెట్టండి. ఒక్కో సెకను పెంచుతూ ప్రతిసారీ వస్తువును తూయండి. బరువు పెరగడం ఎక్కడ ఆగిందో అక్కడ గేటు గడ్డకట్టింది. ఆపైన పెట్టే ప్రతి సెకనూ వృథా. డై కొత్తగా చేయించేటప్పుడు పట్టీ మందం గోడ మందంలో సగం నుంచి 60 శాతం లోపు ఉంచితే ఈ బెడద చాలావరకు రాదు.

అతుకు గీత: రంధ్రం చుట్టూ చీలిన రెండు ప్రవాహాలు మళ్ళీ కలిసేచోట గీత పడుతుంది. అది కంటికి కనిపించే లోపమే కాదు, వస్తువు విరిగేదీ అక్కడే. డై వేడి, ఇంజెక్షన్ వేగం కొంచెం పెంచితే అతుకు గట్టిపడుతుంది.

కూలింగ్ లెక్క: చల్లారే సమయం మందంతో సమంగా పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల గోడను 3 చేస్తే సమయం 2.25 రెట్లవుతుంది. "ఇంకాస్త లావుగా, గట్టిగా చేయండి" అన్నవారికి ధర చెప్పేటప్పుడు దానా బరువుతోపాటు దీన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఎక్స్‌ట్రూజన్‌లో జాగ్రత్తలు

ఇక్కడ తప్పు ఒక్క వస్తువులో రాదు, మీటర్ల కొద్దీ వస్తుంది. అందుకే కన్ను ఎప్పుడూ లైన్ మీదే ఉండాలి.

సరుకు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వస్తూ పైపు మందం మారుతుంటే మొదట హాపర్ గొంతు చూడాలి. అక్కడి కూలింగ్ నీరు ఆగితే దానా మెత్తబడి అతుక్కుని దారికి అడ్డుపడుతుంది. ప్రెషర్ మెల్లగా పెరుగుతూ ఉత్పత్తి తగ్గుతుంటే జాలీ మూసుకుపోతోందని అర్థం, మార్చాలి. ఉపరితలం సొరచేప చర్మంలా గరుకుగా వస్తే డై నోటి దగ్గర సరుకు ఉండాల్సినదానికన్నా చల్లగా గానీ, వేగంగా గానీ పోతోంది. డై పెదవి వేడి కొంచెం పెంచండి, లేదా స్క్రూ వేగం తగ్గించండి. పొడవునా సన్నటి గీత పడితే డై పెదవిపై గీత గానీ, మాడిన తునక గానీ ఉంటుంది. దాన్ని ఇత్తడి లేదా రాగి పనిముట్టుతోనే తీయాలి. ఉక్కు స్క్రూడ్రైవర్ పెడితే ఇంకో శాశ్వత గీత పడుతుంది.

పైపు మందాన్ని ఒక్కచోట కొలిస్తే చాలదు. చుట్టూ నాలుగు చోట్ల కొలిచి, తేడా ఉంటే డై చుట్టూ ఉన్న బోల్టులతో మధ్యకు తేవాలి. తర్వాత మీటరు ముక్క కోసి తూయాలి.

పీవీసీ విషయంలో ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాం. అది అతిగా వేడెక్కితే పసుపు, గోధుమ, నలుపు రంగుల్లోకి మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కళ్ళు, గొంతు మండుతాయి, డైకి తుప్పు పడుతుంది. వేడి బ్యారెల్‌లో పీవీసీని వదిలి భోజనానికి వెళ్ళకూడదు. ఆపేముందు పాలీథీన్‌తో బయటికి నెట్టేయాలి. పీవీసీ, ఎసిటాల్ ఒకే బ్యారెల్‌లో కలవనే కూడదు. ఆ రెండూ కలిస్తే వాయువులు ఒక్కసారిగా పుట్టి పేలుడులా బయటికి తన్నుతాయి.

ఫిల్మ్ చేసేవారికి ఒక చిన్న లెక్క. డై వ్యాసం 10 సెంటీమీటర్లు, బుడగ వ్యాసం 25 అయితే ఊదిన నిష్పత్తి 2.5. బుడగ వ్యాసాన్ని 1.57తో గుణిస్తే చదునుగా మడిచిన వెడల్పు వస్తుంది, ఇక్కడ సుమారు 39 సెంటీమీటర్లు.

మందం మాటకొస్తే, చేతిసంచుల కనీస మందాన్ని కేంద్రం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు చేసింది. మైక్రోమీటరు లేకపోయినా చూసుకునే ఉపాయముంది. ఒక్క పొరను 10 సెంటీమీటర్ల చదరంగా కోసి సన్నకాటాలో తూయండి. ఎల్‌డీపీఈ 120 మైక్రాన్లుంటే ఆ ముక్క సుమారు 1.1 గ్రాములు తూగాలి.

గ్రైండింగ్ సరుకు, నమ్మకం

రన్నర్లను, షార్టులను మరపట్టి మళ్ళీ కలపడం తప్పు కాదు, అది పొదుపు. శుభ్రమైన సొంత గ్రైండింగ్‌ను 20 శాతం దాకా కలిపి చాలా వస్తువులు బాగా చేయవచ్చు. అయితే మళ్ళీ మళ్ళీ కరిగిన పీపీలో గొలుసులు తెగి సరుకు పలచగా పారుతుంది. డై తేలిగ్గా నిండుతుంది కాబట్టి పనివాడికి బాగున్నట్టే ఉంటుంది. బకెట్టు మాత్రం నీళ్ళతో లేపగానే పిడి దగ్గర చిట్లుతుంది. అది కొన్న ఇల్లాలు మళ్ళీ మన పేరున్న సరుకు కొనదు.

ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పాత ప్లాస్టిక్‌తో తిండి, తాగునీటి డబ్బాలు చేయకూడదు. ఆ ప్లాస్టిక్‌లో అంతకుముందు పురుగుమందు ఉందో, నూనె ఉందో మనకు తెలియదు. నలుపు రంగు కలిపితే కంటికి కనబడదంతే. కలిపినదాన్ని కలిపినట్టే చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మాలి.

చేతుల కన్నా షాట్ ముఖ్యం కాదు

మాలో ఒకరు ఇంతకుముందు పనిచేసిన చోట సేఫ్టీ గేటు స్విచ్‌ను తీగతో కట్టేశారు. గేటు మూసే రెండు సెకన్లు ఆదా అవుతాయని. ఒక రాత్రి షిఫ్టులో పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు అతుక్కున్న వస్తువు తీయబోతే డై మూసుకుంది. రెండు వేళ్ళు పోయాయి. ఆ తీగ కట్టినవాడు దుర్మార్గుడేమీ కాదు, అందరిలాగే లెక్క పెంచాలనుకున్నాడు. ఆ కుర్రవాడికి మాత్రం ఆ వేళ్ళు తిరిగి రాలేదు.

అందుకే మా దగ్గర ఇవి ఎవరూ దాటరు. స్విచ్ కట్టేసి ఉంటే మిషన్ నడపరు, యజమాని చెప్పినా సరే. డైలో చేయి పెట్టాలంటే మోటారు ఆపాలి. సరుకు బయటికి వదిలేటప్పుడు నాజిల్ ఎదురుగా నిలబడరు, ముఖానికి కవచం, చేతికి మందపాటి గ్లౌజులు వేసుకుంటారు. హాపర్ గొంతులోకి తొంగిచూడరు. గ్రైండర్‌లో ఏదైనా ఇరుక్కుంటే కరెంటు తీసి, ఫ్యూజు జేబులో పెట్టుకున్నాకే చేయి పెడతారు.

రిజిస్టరు రాయండి, నేర్చుకోండి

ప్రతి డైకి ఒక పేజీ కేటాయించండి. బాగా నడిచిన రోజు హీట్లు, ప్రెషర్, వేగం, కుషన్, సైకిల్, వస్తువు బరువు, దానా బస్తా మీది బ్యాచ్ నంబరు రాయండి. మొదటి మంచి వస్తువును తేదీ వేసి అదే డై పేరుతో దాచండి. లోపం వచ్చిననాడు పోల్చుకోవడానికి అంతకుమించిన గురువు లేడు. మా మూతల ఆర్డరు నాడు ఆ పేజీ ఉండి ఉంటే మూడు రోజుల పని ఒక్క పూటలో తేలేది.

పద్ధతిగా చదవాలనుకునే పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. 1968లో చెన్నైలో మొదలైన ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ, విజయవాడ దగ్గరా కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత చేరదగిన డిప్లొమా కోర్సులు అక్కడ ఉన్నాయి. మిషన్ మీద ఇప్పటికే పనిచేస్తున్న తమ్ముడు ఆ చదువు కూడా తెచ్చుకుంటే, ఆపరేటర్‌గా ఆగిపోకుండా డై చేసేవాడిగా, రేపు షెడ్డు నడిపేవాడిగా ఎదుగుతాడు.

"హీటు ఎంత పెట్టాలి భాయ్?" అని ఇప్పుడు ఎవరైనా అడిగితే మేం నంబరు చెప్పం. చివరి షాట్‌లో వచ్చిన వస్తువును అతని చేతిలో పెట్టి, "ముందు ఇది చూడు, ఏం కనిపిస్తోందో చెప్పు" అంటాం. అక్కడినుంచే అతని పాఠం మొదలవుతుంది.